ట్రిప్ షీటు

బయల్దేరిన కిలోమీటర్లు: నలభైవొక్క వేల ఆరొందల రెండు.
టైము: ఆరుంపావు.
'పని' అన్న గడి కాళీగా ఒగ్గేసినాను.
ఆదివారం నాడు పనేటుంటాది?

మేనేజరుబాబు ఫోను సేసినాడు:
"తవిటినాయుడూ, మిషను బిగించడానికొచ్చిన జపానాయన
పదకొండ్రోజులై గెస్టవుసూ బ్రెడ్డుముక్కా తప్ప
ఏటీ ఎరగడు. ఊరు సూపించు."

ఊరంటే ఏటి సూపించాల?
ముప్పయ్యేళ్ళు తోలినాను.
సూర్యమహల్ జంక్షన్లో పోలీసు
ఏ టైముకి ఏ నీడలో నిలబడతాడో సెప్పగలను.
అది సూడ్డానికి జపాన్నుంచి రారు గదా.

మొరిషితాబాబు ఫోనుకి సెప్తాడు.
ఫోను నాకు సెప్తాది, గొంతు సవరించుకున్న హరిదాసులాగ:
"ఈ నగరము యొక్క ప్రసిద్ధ ఆహారము ఏమిటి?"
"ఏటో బాబూ, ఏది దొరికితే అదే."
ఫోను నా మాటని కాసేపు నమిలి
ఆయనకేటి వడ్డించిందో గానీ
ఎనకసీట్లోంచి నా బుజం తట్టి నవ్వినాడు.

అరసవిల్లి.
ఏడాదికి రెండు దఫాలు ఎండొచ్చి సామి పాదాల మీద పడతాదన్నాను.
ఇయ్యాల పడదా అన్నాడు.
పడదు.
బయటికొచ్చి, మెట్టు మీద ఎండలో నిలబడి
తన ఉత్తకాళ్ళకేసి సూసుకున్నాడు.

శ్రీకూర్మంలో తాబేలు ముందు గొంతుక్కూకున్నాడు, అరగంట.
తాబేలు బెత్తెడు నడిసింది.
ఆయనకి సాలినట్టుంది.

శాలిహుండం కొండకాడికి
నాను డ్యూటీ మీద వందసార్లొచ్చుంటాను.
ఏసీ ఏసుకుని పడుకోడమే, ఎక్కింది లేదు.
ఈయన కిందే బూట్లిప్పినాడు.
"గుడి కాదు బాబూ, ఇటికలు."
ఫోను సెప్పింది. తలూపినాడు. మేజోళ్ళు కూడా ఇప్పినాడు.
ఊరికే సూస్తా నిలబడ్డం బాగోక
నానూ సెప్పులిప్పినాను.
రాళ్ళు పెనం.
యాభైయేళ్ళు దాటిన మొగోళ్ళిద్దరం
గెంతుకుంటా, ఉస్సురుస్సురంటా ఎక్కినాం.
పైన గాలి. కింద వంశధార, ఇసకలో సగం.
ఇంత దగ్గిర ఇంత పెద్ద నిశ్శబ్దం ఉందని
నాకెవుడూ సెప్పలేదు.

కళింగపట్నం.
విశాపట్నం ఆఫీసర్లు అద్దాలెత్తేసుకునే జాగా అది.
టార్పాలిను మీద నెత్తళ్ళు, యెండి సిల్లరలాగ.
ఈయన అద్దం దించినాడు.
దిగినాడు. ఒకటి తీసి ముక్కుకి పెట్టుకుని
కళ్ళు మూసుకున్నాడు.
"ఇది ఉదయము యొక్క వాసన," అంది ఫోను.
"అమ్మమ్మ దీనిని నీటిలో మరిగించును. చేపను తీసివేయును. నీటిని తాగుదుము."

పాక యజమాని ఎర్రమ్మ నడుం మీద సెయ్యేసుకుంది.
"సేప పారేసి నీళ్ళు తాగుతారేటి?"
"చేపను పిల్లికి."
"అయితే ఆ పిల్లి జన్మెత్తాల!"
అది నవ్వితే తాటాకులు కదిలినాయి.
ఫోను ఆ మాటని మరి సెప్పగలిగిందో లేదో,
ఆయన మాత్రం అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు నవ్వినాడు.

నెత్తళ్ళూ వంకాయా ఏసి పులుసెట్టింది,
ఎర్రగా, పైన నూనె తేలతా.
ముక్కు కారింది, కళ్ళద్దాలు తుడుసుకున్నాడు,
మళ్ళీ అన్నం పెట్టమన్నాడు, మళ్ళీ.
ముద్ద కలపడం రాక
మెతుకులు మోచేతి దాకా జారినాయి.
ఎర్రమ్మ సూసీ సూడనట్టు
ఇంకో చెంబు నీళ్ళట్టుకొచ్చింది.

పులుసుకి డబ్బు తీసుకుంది.
పేపర్లో సుట్టిన నెత్తళ్ళ పొట్లానికి తీసుకోలేదు.
"మీ అమ్మమ్మకి."
ఫోను సెప్పింది.
ఆయన రెండు సేతుల్తో పుచ్చుకుని ఒంగినాడు,
లెగడానికి టైము పట్టింది.
అమ్మమ్మ ఉందో లేదో
ఆయన సెప్పలేదు, మేం అడగలేదు.

సేరిన కిలోమీటర్లు: నలభైవొక్క వేల ఆరొందల తొంభై ఎనిమిది.
గెస్టవుసు గేటుకాడ దిగి
నా పేరు నోరారా పలకబోయి
"తవితి" దగ్గిర ఆగిపోనాడు.
సాల్లే బాబూ.

రేపు సోమవారం. మేనేజరెక్కుతాడు.
సీటు నిండా నెత్తళ్ళ కంపు.
'పని' గడి ఇంకా కాళీయే.
ఏటిది నాయుడూ ఈ వాసన, అని అడగనీ.
ఉదయము యొక్క, అంటాను.